పుష్పవతి బండికి కొత్త పళ్ళు

అండమాన్ దీవుల్లోని మాయాబందర్ జెట్టీలో దిగి పుష్పవతి ఇల్లెక్కడని అడిగితే, ఏ పుష్పవతి అని ఎదురు ప్రశ్న వేస్తారు. అదే ‘బండి పుష్పవతి’ అంటే చాలు, టీ కొట్టువాడు గ్లాసు కింద పెట్టి సందు మలుపు దాకా వచ్చి మరీ దారి చూపిస్తాడు. ఊళ్ళో బళ్ళున్నవాళ్ళకు కొదవ లేదు. కానీ నాలుగు చక్రాలూ లాగే పాత బండి ఒకటి పెట్టుకుని, నీళ్ళలోంచి పడవలను ఒడ్డుకు లాగడం, రంగులూ రిపేర్లూ అయ్యాక మళ్ళీ నీళ్ళలోకి దింపడం బతుకుతెరువుగా చేసుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆమె తాత కళింగపట్నం వైపు నుంచి వలలతో, భార్యాబిడ్డలతో ఓడెక్కి వచ్చినవాడు. పుష్పవతి పుట్టింది, పెరిగింది, బాప్తిస్మం తీసుకుంది, పెళ్ళాడింది అంతా మాయాబందర్‌లోనే. భర్త ఆనందబాబు దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో లాస్కరు. తాళ్ళు విసరడం, లంగరు దించడం, డెక్కు కడగడం అతని పని. నెలలో సగం పైగా పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీలోనో, నడి సముద్రంలోనో ఉంటాడు. అందుకని ఇంటి బరువంతా పుష్పవతి మీదే పడింది. చాలా కాలం ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని రాంపూర్, పొక్కాడేరా వీధులన్నీ తిరిగి అమ్మింది. తర్వాత, దూరపు ఊళ్ళకు చేపల పెట్టెలు తోలడానికని, ఎవరో కాంట్రాక్టరు వదిలించుకుంటున్న పాత బండిని కొనేసింది. అప్పటికి ఆమెకు డ్రైవింగ్ రాదు. ఆనందబాబుకు అసలే రాదు, ఓడ మీద తప్ప ఎక్కడ కూర్చున్నా అతనికి తల తిరుగుతుంది. పాటు వేళ నీళ్ళు వెనక్కు పోయి ఇసుక బయటపడ్డప్పుడు కర్మాటాంగ్ బీచ్‌కు పోయి తనకు తానే నేర్చుకుంది. గుద్దడానికి అక్కడ పీతలు తప్ప ఏమీ లేవు, అవి కూడా భలే చురుగ్గా తప్పుకునేవి.

పడవలు లాగే పని ఆమె వెతుక్కున్నది కాదు. ఒకనాడు అప్పలరాముడి డుంగీ, అంటే ఇంజను బిగించిన చెక్క పడవ, మడ చెట్ల దగ్గర బురదలో కూరుకుపోయింది. పోటొచ్చేలోగా బయటికి తీయకపోతే పక్కకు ఒరిగి నీళ్ళు నిండిపోయేలా ఉంది. చేపల కోసం అక్కడికెళ్ళిన పుష్పవతి తాడు కట్టి, నాలుగు చక్రాలకూ బలమిచ్చే కర్ర వేసి, ఊపిరి బిగబట్టి లాగింది. డుంగీ చప్పున ఊడి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. అంతకుముందు వీధిలోని మగాళ్ళంతా పోగై, గంటలకొద్దీ అరుచుకుంటూ చేసే పనిని ఆ బండి ఒక్కటే చేసి పెడుతుంటే ఎవరు మాత్రం రాకుండా ఉంటారు! చేపల గంప చూస్తుండగానే అటకెక్కింది.

కూతురు క్యారొలిన్‌ను పోర్ట్ బ్లెయిర్‌లో సురేష్ బాబుకిచ్చి చేశారు. మొబైల్ టవర్లు బాగుచేసే ఉద్యోగం అతనిది. మంచి పిల్లాడు. అత్తగారంటే ప్రాణం. పిచ్చి ఒక్కటే, కొండలూ వాగులూ ఎక్కే బళ్ళ వీడియోలు ఫోనులో కన్నార్పకుండా చూస్తాడు. “బండీ, జీపూ అనకండి అత్తయ్యా, ఎస్‌యూవీ అనాలి” అని మొదటి రోజే సరిదిద్దాడు. పుష్పవతి సరేనంది గానీ బండి అనడం మానలేదు.

ఆమెకు యాభయ్యో ఏడు వచ్చిన రోజున సురేష్ బాబు ఓ వ్యాను వెంటేసుకుని దిగాడు.

“అత్తయ్యా, ఆంఖే బంద్! నేను చెప్పేదాకా తెరవకూడదు.”

కళ్ళు తెరిచేసరికి వాకిట్లో నాలుగు టైర్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి ఆమె నడుం దాకా ఉంది. మీద గాట్లు ఏ మొసలి వీపునో తలపిస్తున్నాయి. చెన్నై నుంచి ఓడలో తెప్పించాడట. సాయంత్రానికల్లా బిగించేశాడు కూడా. బండి కాస్తా ఏనుగు గున్నలా ఎత్తుగా, దర్జాగా తయారైంది. వీధి వీధంతా వచ్చి ఫోటోలు దిగింది. ఆదివారం పాస్టరుగారు ప్రార్థనలో టైర్లను కూడా జ్ఞాపకం చేసుకున్నారు. పుష్పవతి మాత్రం బండి ఎక్కడానికి ముక్కాలిపీట వేసుకోవాల్సి వచ్చింది. అయినా అద్దంలో తనను తాను చూసుకుని మురిసిపోయింది.

మురిపెం అప్పలరాముడి కొత్త డుంగీ లాగే రోజు దాకానే నిలిచింది. ఇసుకలో టైర్లు అద్భుతంగా నడిచాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పాత టైర్లు కూరుకుపోయే చోట ఇవి తేలుతున్నట్టు పోయాయి. కానీ బరువు పడి గట్టు ఎక్కే దగ్గరికి వచ్చేసరికి ఇంజను గొంతు పట్టేసినట్టు మూలిగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ ఆగింది. క్లచ్చు మాడిన వాసన గుప్పుమంది. మామూలుగా కొండలెక్కే ‘లో’ కర్ర ముందే వేసి ఉంది, అంతకన్నా కిందకు దిగడానికి వేరే గేరు లేదు. డుంగీ వెనక్కు జారుతుంటే మగాళ్ళు కేకలేసుకుంటూ బండి చక్రాల కింద దుంగలు తోశారు.

“ఏటొదినా, బండికి జ్వరమొచ్చిందేటి?” అన్నాడు అప్పలరాముడు.

“క్లచ్చు పాతబడిపోనాదిలే” అంది పుష్పవతి.

ఆ తర్వాత కొన్నాళ్ళు చిన్న పడవలే లాగింది. పెద్ద పడవలవాళ్ళు పిలిస్తే రేపు, ఎల్లుండి అని తప్పించుకుంది. పక్కింటి యర్రమ్మ చర్చిలో పాటలు పాడే కోయిర్‌కు పెద్ద దిక్కు. ఆమె కళ్ళలో ఏదీ దాగదు.

“టైర్లొచ్చిన కాడి నుంచే కదే ఈ తిప్పలు? పాతవి పెట్టేసుకోరాదా?”

“ఎలాగే? అల్లుడు ముచ్చటపడి తెచ్చినాడు. వారం వారం ఫోన్లో టైర్లు చూపించమంటాడు. తీసేసినానని తెలిస్తే ఎంత చిన్నబుచ్చుకుంటాడు!”

నిజానికి ఇసుక మీద ఆ టైర్ల నడక ఆమెకూ వదులుకోబుద్ధి కాలేదు. టైర్లూ ఉండాలి, పాత బలమూ రావాలి. ఈ రెండూ కలిసే దారేదైనా ఉందేమో కనుక్కుందామని ఒక రోజు, అడవి దారిలో బళ్ళన్నీ గుంపుగా పోయే కాన్వాయ్‌తో పాటు బండి తోలుకుంటూ పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది.

అబర్డీన్ బజార్ రద్దీ దాటాక ఒక సందులో కన్నారావు షెడ్డు. కన్నారావు నలభై ఏళ్ళ మెకానిక్కు. అతని అత్తవారిల్లు మాయాబందరే కాబట్టి పుష్పవతిని ఎరుగును. కబురందుకుని సురేష్ బాబు కూడా అక్కడికి వచ్చాడు. అల్లుడి ముందు టైర్ల మాట ఎలా ఎత్తాలా అని పుష్పవతి నీళ్ళు నములుతుంటే, కన్నారావు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి తనే అనేశాడు.

“టైర్లు ఫస్ట్ క్లాస్. కానీ దీదీ, లాగట్లేదు కదూ?”

“నీకెలా తెలుసు?”

అతను లోపలికి పోయి, ఎవరిదో పాత బండిలోంచి తీసిన రెండు గేర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పళ్ళెమంత చక్రం, అంచంతా పళ్ళు. రెండోది పొట్టి కడ్డీ, దాని కొసన మొక్కజొన్న పొత్తులాగా కాసిని పళ్ళు. “ఇది క్రౌను, ఇది పినియను. రెండు చక్రాల మధ్య బానలాంటిది ఉంటది చూడు, అందులో ఉంటాయి ఇవి. వెనకో జత, ముందో జత. చిన్నదాన్ని ఇంజను తిప్పుద్ది, పెద్దది చక్రాల్ని తిప్పుద్ది. నువ్వే తిప్పి చూడు.”

పుష్పవతి రెంటినీ కలిపి పట్టుకుని కడ్డీ తిప్పింది. చిన్నది నాలుగు చుట్లు తిరగబోతుండగా పెద్దది ఒక చుట్టు పూర్తి చేసింది.

“నీ బండిలోనూ లెక్క ఇదే. పాత టైర్లకు ఇది సరిపోయింది. ఇప్పుడు టైరు పెద్దదయింది, ఒక్క చుట్టుకు ముందుకన్నా ఎక్కువ దూరం పోవాల. ఇంజను బలం మాత్రం అంతే. అంటే నువ్వెప్పుడూ ఒక గేరు ఎక్కువేసి తోలుతున్నట్టే. అదే ఆ చిన్నది ఇంకాస్త ఎక్కువసార్లు తిరిగితే గాని పెద్దది తిరగకుండా చేశామనుకో, బలం పెరుగుద్ది. స్పీడు తగ్గుద్ది. టైర్లు మార్చక్కర్లేదు, పళ్ళు మారిస్తే చాలు.”

పుష్పవతి ప్రాణం లేచి వచ్చింది. సురేష్ బాబుకైతే పండగే. ఫోనులో చూసిందంతా ఇప్పుడు చేతికి తగులుతోంది.

“ఏ రేషియో వేద్దాం భయ్యా?”

“రెండున్నాయి. ఒకటేమో నాలుగు పాయింట్ మూడు చుట్లది. అది వేస్తే టైర్లు మార్చక ముందు ఎలా ఉండేదో అలా అయిపోద్ది. రెండోది నాలుగు పాయింట్ ఎనభై ఎనిమిది. అది వేస్తే ముందుకన్నా గట్టిగా లాగుద్ది. కానీ రోడ్డు మీద అరవై దాటితే ఇంజను గోల పెడతది.”

“అయితే మొదటిదే! లేకపోతే హైవే మీద బైల్‌గాడీ, ఎడ్లబండే అయిపోద్ది అత్తయ్యా.”

కన్నారావు పుష్పవతి వైపు తిరిగాడు. “దీదీ, పొద్దున లేచిన కాడి నుంచి నీ చెయ్యి ఏ గేరు మీద ఉంటాది?”

పుష్పవతి కళ్ళు మూసుకుంది. కుడి చేత్తో స్టీరింగు పట్టుకున్నట్టూ, ఎడం చేత్తో గేరు వేస్తున్నట్టూ గాలిలో ఆడించింది. ఒకటి. రివర్సు. ఒకటి. రివర్సు. “ఆదివారం చర్చికెళ్ళేప్పుడు రెండూ, మూడూ పడతాయి. నాలుగో గేరు వేసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదయ్యా” అని నవ్వింది. మరి ఆ నవ్వులోనే జవాబుంది. బలమైనదే కావాలని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. కానీ పక్కన అల్లుడి ముఖం చూసింది. తను కొనిచ్చిన టైర్ల మీద అత్తగారి బండి రయ్యిమని దూసుకుపోవడం అతను ఎన్నిసార్లు ఊహించుకున్నాడో ఆ ముఖంలో కనిపించింది.

“ఆయన్ని కూడా అడిగి చెప్తాలే” అంది.

ఆయన ఆ సాయంత్రం ఫీనిక్స్ బేలో ఉన్నాడు. టిక్కెట్ల వరస పక్కన ఉన్న టీ కొట్టులో ఆనందబాబు భార్య మాట విన్నాడు. ఆమె అటు వెళ్ళగానే వచ్చిన అల్లుడి ఫోనూ విన్నాడు. ఎవరి మాటా కాదనలేని మనిషి అతను. కూతురి చిన్నతనంలో తల్లీ కూతుళ్ళు చేప తలకాయ కోసం పోట్లాడుకుంటే, దాన్ని నిలువునా చీల్చి చెరి సగం వడ్డించేవాడు.

“నేను సూసుకుంటాను. చెన్నై ఓడలో మనోడున్నాడు, వాడి చేత తెప్పిస్తా. ఇద్దరికీ సరిపోయేలా చేస్తాను” అన్నాడు ఇద్దరితోనూ.

నెల తిరక్కుండానే బరువైన రెండు అట్టపెట్టెలు మాయాబందర్ జెట్టీలో దిగాయి. వాటితో పాటు ఆనందబాబు సెలవు పెట్టుకుని దిగాడు. అత్తవారింటికి వచ్చే పని పెట్టుకుని కన్నారావు బస్సులో వచ్చాడు. పుష్పవతి ఇంటి పక్క కొబ్బరాకుల పాక కింద పని మొదలైంది.

వెనక జత ముందు వేశారు. చక్రాలు విప్పి, ఇరుసు కడ్డీలు బయటికి లాగి, బాన మూత తీసేసరికి లోపలి నూనె తారులా నల్లగా కారింది. పాత పళ్ళు తీయడం ఒక పూట పనే గాని, కొత్తవి కూర్చోబెట్టడం అసలైన పని. చిన్నది పెద్దదాని మీద వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా బండి జీవితాంతం కూత పెడుతూనే ఉంటుందట. ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూడటానికి పళ్ళకు రంగు పూయాలి. తెచ్చుకోవలసిన రంగు డబ్బా కన్నారావు మరిచిపోయాడు.

“పడవలకేసే పసుపు రంగుంది. పనికొస్తాదా?” అంది పుష్పవతి.

“బఢియా!”

రంగు పూసి తిప్పి చూస్తే మచ్చ పంటి చివర పడింది. విప్పి, కాగితమంత పల్చటి రేకు ఒకటి లోపల వేసి మళ్ళీ బిగించాడు. ఈసారి మచ్చ అడుక్కు పోయింది. మళ్ళీ విప్పాడు. యర్రమ్మ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తూ, “దోసె కాలినాదో లేదో తిరగేసి తిరగేసి సూసినట్టున్నాది” అంది. ఎట్టకేలకు పంటి నడుమ కోడిగుడ్డు ఆకారంలో చక్కటి మచ్చ పడినప్పుడు కన్నారావు అందరినీ పిలిచి చూపించాడు. పుష్పవతి చాలాసేపు వంగి చూసింది. తన బండి కడుపులో ఇంత అందమైన వస్తువు ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున ముందు జత పెట్టె విప్పారు. కన్నారావు పినియను చేతిలోకి తీసుకుని పళ్ళు లెక్కపెట్టాడు. మొహం చిట్లించి మళ్ళీ లెక్కపెట్టాడు.

“ఇదేటి? నిన్నదానికి ఎనిమిది పళ్ళు. దీనికి పది!”

“అవును” అన్నాడు ఆనందబాబు, ఎంతో తృప్తిగా. “నేనే అలా తెమ్మని చెప్పినాను. ఎనకాల మీ అక్క కోరింది, లాగడానికి. ముందర మా అల్లుడు కోరింది, పరిగెట్టడానికి. ఇద్దరి మాటా నిలబడింది.”

కన్నారావు మెల్లగా విప్పిన టైరు మీద చతికిలబడి, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆనందబాబు ఆశ్చర్యంగా చూశాడు. యర్రమ్మకు ఏమీ అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వు మొదలుపెట్టింది.

“బావా, ఒకే డుంగీలో ముందోడు గబగబా, ఎనకోడు నింపాదిగా తెడ్డేస్తే ఎలా ఉంటాది? ఇదీ అంతే. నాలుగు చక్రాలూ కలిపినప్పుడు ముందూ ఎనకా ఒకే లెక్కలో తిరగాల. లేకపోతే ముందువి పరిగెడతామంటాయి, ఎనకవి రామంటాయి. నడుమ ఉన్న గేరుపెట్టె పగిలి ఊరుకుంటాది.”

అప్పటికి ఆనందబాబు ముఖం వాడిపోయింది. పుష్పవతికి కోపం రావలసిన మాటే. కానీ భర్త అలా నూనె చేతులతో నిలబడి ఉంటే ఆమెకు కోపం రాలేదు. అతన్ని పెరట్లోకి పిలిచింది.

“నీది కాదయ్యా తప్పు. నాకు బలమైందే కావాలని ఆ వేళ షెడ్డులోనే తెలుసును. అల్లుడు నొచ్చుకుంటాడేమోనని నోరు కట్టేసుకున్నాను. నేను నోరు తెరవకపోతే నువ్వు మాత్రం ఏం సేస్తావు?”

“మరిప్పుడు?”

“ముందుకు కూడా ఎనిమిది పళ్ళదే తెప్పించు. సురేష్‌కి నేనే చెప్పుకుంటాను.”

మళ్ళీ చెన్నై ఓడ వచ్చేదాకా ఏం చేయాలన్నది ప్రశ్న. కన్నారావు ముందు చక్రాలకు పోయే కడ్డీ విప్పి పక్కన పెట్టాడు. “ఎనక చక్రాల మీద తోలుకో దీదీ. కొత్త పళ్ళు, మొదట్లో బరువు పెట్టకు, కాసేపు నడిపి చల్లారనియ్యి. ముందు జత వేసేదాకా నాలుగు చక్రాల మాట మర్చిపో” అని చెప్పి వెళ్ళాడు. పుష్పవతి చెప్పినట్టే చేసింది. రోజూ ఖాళీ బండి రాంపూర్ దాకా తోలి, నీడలో ఆపి, ఇనప బాన మీద చెయ్యి పెట్టి వేడి చూసుకుని తిరిగి వచ్చేది. కూత లేదు. మెత్తగా, కండగా లాగుతోంది బండి. సురేష్ బాబుకు చెప్పడం మాత్రం రేపటికి, రేపటికి అని వాయిదా పడుతూ వచ్చింది.

ఈలోపు శనివారం నాడు క్యారొలిన్, సురేష్ బాబు వచ్చారు. అదే పొద్దున బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని, పడవలన్నీ పైకి లాక్కోమని జెట్టీలో మైకు పెట్టి చెప్పారు. ఫెర్రీలు ఆపేశారు. గాలి అప్పుడే మొదలైంది. అప్పలరాముడు పరుగున వచ్చాడు.

“ఒదినా, ఎలాగైనా రావాల. చేత్తో లాగితే సాయంత్రానికి సగం కూడా తేలవు.”

ముందు చక్రాలు పనిచేయవని పుష్పవతి చెప్పలేదు. చెప్పడానికి వ్యవధి ఏది? బండి తీసుకుని రేవుకు పోయింది. సిమెంటు వాలు మీదుగా వెనక్కు దించి, మొదటి డుంగీకి తాడు కట్టించి, ఒకటో గేరు వేసింది. ఇంజను ఈసారి మూలగలేదు. కానీ వాలంతా పచ్చటి పాచి. వెనక చక్రాలు రెండూ ఉన్నచోటే గిర్రున తిరిగాయి. డుంగీ అంగుళం కదల్లేదు. బలం వచ్చింది గాని పట్టు దొరకలేదు.

కిటికీ పక్కన సురేష్ బాబు వచ్చి నిలబడ్డాడు. వానజల్లుకు అప్పటికే తడిసిపోయాడు.

“ఫోర్ వీల్ వేయలేదేం అత్తయ్యా?”

ఇక దాచలేదామె. ముందు జత ఇంకా రాలేదనీ, మామగారు చేసిన పంపకమూ, తనకు కావలసింది మొదటి నుంచీ బలమైనదేననీ రెండు ముక్కల్లో చెప్పేసింది. సురేష్ బాబు వాలు కేసి చూశాడు, వరసలో ఎదురుచూస్తున్న పడవల కేసి చూశాడు. నొచ్చుకోవడానికి అతనికీ వ్యవధి లేదు.

“అయితే గాలి తీద్దాం.”

“ఏ గాలి?”

“టైర్లలో గాలి. సగానికి పైగా తీసేస్తే టైరు పరుచుకుంటది, పట్టు పెరుగుద్ది. పక్కా!”

వీడియోల్లో చూసిన మాటే. అయినా అతను అప్పటికే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని పుల్లతో వాల్వు నొక్కుతున్నాడు. వెనక టైర్లు రెండూ బాగా నానిన గారెల్లా కిందికి పరుచుకున్నాయి. పుష్పవతి మళ్ళీ గేరు వేసింది. టైర్లు ఈసారి జారుతూ జారుతూ కరుచుకున్నాయి. డుంగీ ఒక మూరెడు పైకి వచ్చి ఆగింది.

“ఇంకొంచెం బరువు పడాలి ఎనకాల!” అని అరిచాడు సురేష్ బాబు.

రేవు పక్కనే చర్చి. ప్రాక్టీసుకు వచ్చిన కోయిర్ ఆడవాళ్ళు వరండాలో నిలబడి చూస్తున్నారు. యర్రమ్మ కొంగు నడుముకు బిగించింది.

“బరువు కావాలంటే బరువుకేటి తక్కువ? రండే!”

ఆమె ముందు ఎక్కింది. ఆమె ఎక్కగానే బండి వెనక భాగం ఒక బెత్తెడు దిగిందని అప్పలరాముడు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు. మిగతావాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు సర్దుకున్నారు. పుష్పవతి “రెడీయా?” అని అడిగితే వాళ్ళు జవాబుగా పాటెత్తుకున్నారు. బండి కదిలింది. గెంతలేదు, జారలేదు. మెట్టు మెట్టుగా, నిండు గర్భిణి నడిచినట్టు నింపాదిగా వాలు ఎక్కింది. దాని వెనకే డుంగీ కొబ్బరి దుంగల మీద దొర్లుకుంటూ పైకి వచ్చింది.

ఒకటి అయింది. మళ్ళీ వెనక్కు దిగారు. రెండోది అయింది. పాట పూర్తయితే ఇంకో పాట అందుకున్నారు. గాలి హోరులో సగం మాటలు ఎగిరిపోతున్నా ఎవరూ ఆపలేదు. సురేష్ బాబు తాళ్ళు కట్టాడు, దుంగలు మోశాడు, ఒకసారి బురదలో బొక్కబోర్లా పడి పైకి లేచి క్యారొలిన్ చేత ఫోటో తీయించుకున్నాడు. వాన గట్టిగా దిగే వేళకు రేవులో ఒక్క పడవ కూడా మిగల్లేదు. అన్నీ గట్టు మీద వరసగా, తాళ్ళతో కట్టేసి ఉన్నాయి.

ఇంటికొచ్చి వేడి వేడి చేపల పులుసుతో అన్నం తింటున్నప్పుడు సురేష్ బాబు అన్నాడు. “అత్తయ్యా, మీరు చేసే పని ఫోటోల్లోనే చూశాను. దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. హైవే, స్పీడు అని ఏదో వాగాను. ఫ్రంట్‌కి కూడా మీరు కోరిందే వేద్దాం.”

“నేను కూడా నీతో ముందే చెప్పాల్సింది బాబూ. నీ టైర్లు లేకపోతే ఈ రోజు ఆ పాచి మీద ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు” అంది పుష్పవతి. అది అతని సంతోషం కోసం అన్న మాట కాదు. ఆనందబాబు ఇద్దరినీ చూసి, పులుసులోని చేప తలకాయ తీసి గబుక్కున తన కంచంలో వేసుకున్నాడు. ఈసారి ఎవరికీ పంచదలుచుకోలేదు.

వాయుగుండం దారి మార్చుకుని ఎటో పోయింది. మాయాబందర్‌కు రెండు కొబ్బరి చెట్లూ, చర్చి ప్రహరీలో ఒక మూలా నష్టం. తర్వాతి ఓడలో ముందు జత వచ్చింది. పెట్టె విప్పగానే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు పళ్ళు లెక్కపెట్టి, ఎనిమిదేనని తేల్చుకున్నాకే కన్నారావును పనికి దిగనిచ్చారు. పది పళ్ళ జతను అతను తనతో తీసుకుపోయి, దానికి తగ్గ బండి తన దగ్గరికి రాగానే బిగించేశాడు. పుష్పవతి కొత్త నూనె పోయించి, మళ్ళీ కొన్నాళ్ళు ఖాళీ బండి తోలి, పళ్ళు కుదురుకున్నాక గాని తాడు పట్టలేదు.

నాలుగు చక్రాల మీద మొదట లాగింది అప్పలరాముడి కొత్త డుంగీనే. అడుగు గీకి రంగు వేయాలని తెచ్చాడు. ‘లో’ వేసి, ఒకటో గేరు వేసి, పుష్పవతి కాలు తీసేసింది. ఆక్సిలరేటరు నొక్కే పనే లేదు. బండి తనంతట తాను గట్టు కేసి పాకింది. అప్పలరాముడు పక్కనే నడుస్తూ కాసేపు చూశాడు, ఇంకాసేపు చూశాడు, ఇక ఉండబట్టలేకపోయాడు.

“మరీ ఇంత నెమ్మదేటొదినా? ఇది పైకొచ్చేసరికి ఇంటికాడ నా టీ సల్లారిపోద్ది!”

“ఇక్కడికే తెప్పించుకో. నాకూ ఒకటి చెప్పు.”

టీ కొట్టువాడు రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకటి అప్పలరాముడికిచ్చి, రెండోది నడుస్తున్న బండి పక్కనే నడుస్తూ కిటికీలోంచి అందించాడు. పుష్పవతి ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో గ్లాసు పుచ్చుకుని, ఊదుకుంటూ తాగింది. ఆమె ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చే వేళకు డుంగీ ముక్కు గట్టు మీదికి వచ్చింది.